పైన పచ్చదనం, కింద 0.38: నేలలో కర్బనం లెక్క

విశాఖ జిల్లా పద్మనాభం మండలంలో ఉండే మా మావయ్య కిందటి నెల ఫోన్ చేశాడు. నేల పరీక్ష కార్డు చేతికి వచ్చిందట. "సేంద్రియ కర్బనం 0.38 శాతం అని రాసి పక్కన 'తక్కువ' అన్నారు. ఇదేటల్లుడూ? ఇరవై ఏళ్ల జీడితోట. కింద నిలబడితే ఎండ పడదు. అంత పచ్చగా ఉన్నచోట కర్బనం తక్కువెలా అవుతాది?"

ఆయన టెన్షన్‌కి ఇంకో కారణం ఉంది. ఊళ్లో కార్బన్ క్రెడిట్ల మాట, అంటే గాలిలోని కర్బనాన్ని పట్టి ఉంచినందుకు డబ్బిస్తారన్న మాట, తిరుగుతోంది. చెట్లున్నవాళ్లకి డబ్బులొస్తాయని కొందరు, చెట్లు కాదు మట్టిని కొలుస్తారని కొందరు, అదంతా అరకు కాఫీ రైతులకే అని ఇంకొందరు. ఈలోగా కార్డు మీద 'తక్కువ' అని పడింది.

మావయ్య అడిగింది చిన్న ప్రశ్నే. కానీ దానికి జవాబు వెతుకుతూ పోతే కొండ మీది అడవి నుంచి విశాఖ శివారు మధురవాడ లేఅవుట్ల దాకా తిరగాల్సి వస్తుంది. చెట్టు నాటితే కర్బనం నేలలో చేరుతుందన్న మాట అబద్ధం కాదు, సగం మాట. చేరినదాన్ని పట్టి ఉంచేది ఏది, అక్కడ అంతకుముందు ఏముంది, చేరింది ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నవి మిగతా సగం. తగాదాలన్నీ ఈ రెండో సగంలోనే ఉన్నాయి.

0.38 అంటే ఎకరాకి ఎంత బరువు?

ఒకప్పుడు ప్రాణం ఉన్నవాటి నుంచి మట్టిలో చేరిన కర్బనాన్ని సేంద్రియ కర్బనం అంటారు. రాలిన ఆకు, కుళ్లిన వేరు, పేడ, చచ్చిన సూక్ష్మజీవులు, అన్నీ ఇందులోకే వస్తాయి. వీటన్నిటినీ కలిపి సేంద్రియ పదార్థం అంటారు. అందులో సుమారు 58 శాతం కర్బనం ఉంటుందన్నది పాతకాలం నుంచీ వాడుతున్న లెక్క. నల్లరేగడిలో కనిపించే సున్నపు గుళికల్లోనూ కర్బనం ఉంటుంది గానీ అది వేరే పద్దు.

కార్డులో 0.5 శాతం కన్నా తగ్గితే 'తక్కువ', 0.75 దాటితే 'ఎక్కువ', నడుమ ఉంటే 'మధ్యస్థం'. ఈ గీతలు గీసింది పంట కోసం. నేల నుంచి పైరుకి ఎంత నత్రజని అందవచ్చో అంచనా వేయడానికి సేంద్రియ కర్బనాన్ని గుర్తుగా వాడతారు. వాతావరణ లెక్కలకి ఆ గీతలతో పని లేదు. అక్కడ కావలసింది శాతం కాదు, బరువు.

బరువు కట్టి చూద్దాం. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. పరీక్షకి మట్టి తీసేది మామూలుగా 15 సెంటీమీటర్ల లోతు వరకు. అంటే 607 ఘనపు మీటర్లు. మావయ్యది ఇసుక కలిసిన ఎర్రనేల, ఘనపు మీటరు టన్నున్నర తూగుతుందనుకుందాం. మొత్తం దాదాపు 910 టన్నుల మట్టి. అందులో 0.38 శాతం అంటే మూడున్నర టన్నుల కర్బనం. ఒక టన్ను కర్బనం గాలిలో కలిస్తే 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది కాబట్టి, ఎకరం పైపొరలో దాగి ఉన్నది సుమారు 12.7 టన్నుల కార్బన్ డయాక్సైడ్. 'తక్కువ' అనిపించుకున్న నేలలోనే ఇంత ఉంది.

అది పైన జానెడు మట్టి లెక్క మాత్రమే. ప్రపంచమంతా చూస్తే మీటరు లోతు వరకు నేలల్లో ఉన్న సేంద్రియ కర్బనం దాదాపు 1.5 లక్షల కోట్ల టన్నులు. అందులో సుమారు సగం 30 సెంటీమీటర్ల కిందే ఉంది. గాలిలో ఉన్న కర్బనం మొత్తం ఇందులో అరవై శాతానికి అటూ ఇటూ. మన దేశపు అడవుల్లోనూ అంతే. భారత అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక అడవుల్లో మొత్తం 720.4 కోట్ల టన్నుల కర్బనం ఉందని చెప్పింది, అందులో సగానికి పైగా ఉన్నది మానుల్లో కాదు, మట్టిలో. మనం తలెత్తి చూసే అడవి కన్నా కాలి కింద ఉన్నది ఎక్కువన్న మాట.

చెరువు మట్టం ఎలా నిలుస్తుంది

నేలలో కర్బనం గురించి వినగానే చాలామందికి బ్యాంకులో డిపాజిట్ గుర్తొస్తుంది: వేశాం, ఉంటుంది. దానికన్నా చెరువుతో పోల్చుకోవడం మేలు. ఒక పక్క వాగు నుంచి నీళ్లు వస్తుంటాయి, ఇంకో పక్క తూము నుంచి పోతుంటాయి. ఏ రోజు మట్టమైనా ఈ రెండింటి తేడాయే.

ఇక్కడ వాగు అంటే ఆకు, కొమ్మ, వేరు, వేళ్లు మట్టిలోకి వదిలే చక్కెరలు. తూము అంటే సూక్ష్మజీవుల ఆకలి. అవి ఆకుని తిని, అందులోని కర్బనంలో చాలా భాగాన్ని ఊపిరిగా గాలిలోకి వదిలేస్తాయి. రాలిన ఆకులో ఎక్కువ వంతు ఏడాది రెండేళ్లలో ఇలాగే పోతుంది. మిగిలిన కొంచెమే, అదీ చాలావరకు చచ్చిన సూక్ష్మజీవుల శరీరాల రూపంలో, మట్టి రేణువులకి అంటుకుని నిలుస్తుంది.

తూముని నడిపేవి ముఖ్యంగా వేడి, తేమ. మట్టి వేడి పది డిగ్రీలు పెరిగితే కుళ్లే వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుంది. మన కోస్తాలో వేడికీ కొదవ లేదు, ఏడాదిలో కొన్ని నెలలు తేమకీ కొదవ లేదు. అందుకే చలిదేశపు పొలంతో మన పొలాన్ని పోల్చి సిగ్గుపడాల్సిన పని లేదు. తూము తెరిచే ఉన్న చెరువు ఇది.

మూడోది పట్టి ఉంచే గుణం. బంకమన్ను రేణువులూ ఇనుప ఆక్సైడ్లూ కర్బనాన్ని గట్టిగా పట్టుకుంటాయి. చిన్న చిన్న గడ్డల్లో ఇరుక్కున్న కర్బనానికి సూక్ష్మజీవులు చేరలేవు. ఇసుకకి ఆ పట్టు లేదు. మన చుట్టూ కొండలు ఖోండలైటు రాయి, అది చివికి ఎర్రమట్టి అవుతుంది. ఎరుపు ఇనుముది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల రంగూ అదే. కాబట్టి ఎర్రగా ఉంది, కర్బనం లేదు అని కంటిచూపుతో తేల్చేయడానికి లేదు. ఎరుపు కింద నలుపు దాగుతుంది.

ఇంకో మాట: ఆకు కన్నా వేరు ముఖ్యం. వేరు నుంచి వచ్చిన కర్బనం ఆకు నుంచి వచ్చినదానికంటే ఎక్కువ వంతు నేలలో నిలుస్తుందని చాలా పరిశోధనల్లో తేలింది. కారణం సులువుగానే తెలుస్తుంది. వేరు పుట్టడమే మట్టి రేణువుల మధ్య పుడుతుంది. ఆకు పైన పడి, ఎండి, గాలికి పోయి, ఎవరో ఊడ్చి, మిగిలితే అప్పుడు మట్టిలోకి దిగాలి.

జీడితోటలో వాగుకి అడ్డం ఎక్కడ పడింది

ఈ కళ్లతో మావయ్య తోట చూడండి. పైన చెట్టు గొడుగులా ఉంది. కింద? ఫిబ్రవరి వచ్చేసరికి అద్దంలా ఊడ్చేస్తారు. జీడి పిక్కలు రాలితే ఏరుకోవాలి, ఆకులో పడితే కనబడవు. ఊడ్చిన ఆకు గట్టున కుప్పపోసి తగలబెడతారు, లేదా పొయ్యిలోకి పోతుంది. చెట్టు నీడకి గడ్డి కూడా సరిగా మొలవదు. అంటే గడ్డి వేరు లేదు, ఆకు లేదు, నేల ఇసుక. వాగు సగం మళ్లింది, తూము మాత్రం ఎప్పట్లాగే పారుతోంది. పచ్చదనం చెట్టుది. నేలకి అందులో వాటా దక్కలేదు.

అయితే తోట వల్ల నేలకి ఏమీ చేరలేదు అనడానికీ లేదు. ఇరవై ఏళ్ల కిందట అక్కడ చోళ్లు, వేరుశనగ వేసేవారు. ఏటా దున్ని, పంట మొత్తం ఇంటికి తెచ్చేవారు. అప్పుడు 0.3 ఉండి ఇప్పుడు 0.38 అయి ఉంటే తోట మంచే చేసినట్టు. 0.45 నుంచి పడిపోయి ఉంటే వేరే కథ. పాత కార్డు లేదు. ఒక్క అంకె మట్టం చెబుతుంది, నీళ్లు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా చెప్పదు.

తీరం పొడవునా ఉన్న సరుగుడు తోటల సంగతీ ఇంతే. సరుగుడు వేళ్లలో నత్రజనిని స్థిరపరిచే సూక్ష్మజీవి ఉంటుంది, ఇసుకలోనూ ఏపుగా ఎదుగుతుంది. నేలకి మేలు చేయగల చెట్టే. కానీ రాలిన పుల్లని పొయ్యికి పోగేస్తారు, నాలుగైదేళ్లకి మాను కొట్టేస్తారు, చాలాచోట్ల మొద్దుని వేళ్లతో సహా తవ్వి అమ్ముతారు. కర్బనం లారీ ఎక్కి పోతుంది. జామాయిల్‌కీ ఇదే లెక్క. చెట్టు జాతి మీద జరిగే వాదనలో సగం నిజానికి కోత మీద, ఊడ్పు మీద జరగాలి.

అనంతగిరి ఘాట్: అడవి, పోడు, కాఫీ

విశాఖ నుంచి శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే కొండ కోసి రోడ్డు వేసిన చోట్ల మట్టి పొరలు బయటికి కనబడతాయి. ఎవరైనా ఆపి ఫోటోలు తీసుకునేది లోయవైపు. నాకు మాత్రం కొండవైపు చూడటం అలవాటైంది. దట్టమైన చెట్ల కింద పైన జానెడో మూరెడో ముదురు గోధుమ పొర, దాని కింద ఎరుపు. చెట్లు పలచబడిన వాలుల్లో ఆ పొర వేలెడు కూడా ఉండదు.

తొమ్మిది వందల మీటర్ల ఎత్తున అరకు, కిందున్న విశాఖ కన్నా సగటున ఐదారు డిగ్రీలు చల్లన. అంటే తూము కాస్త మూసుకుని ఉంటుంది. ఒకే చెట్టుని కిందా మీదా నాటినా పైనున్న నేలలో ఎక్కువ కర్బనం నిలిచే వీలుంది. కాబట్టి అరకు మట్టినీ పద్మనాభం మట్టినీ పక్కపక్కన పెట్టి 'కాఫీ గొప్ప, జీడి దండగ' అనడం కుదరదు.

అడవిని కొట్టి దున్నితే ఎంత పోతుంది? 2002లో గువో, గిఫర్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రపంచవ్యాప్తంగా అప్పటిదాకా వచ్చిన 74 ప్రచురణల ఫలితాలు కలిపి చూశారు. సహజ అడవి పంటభూమి అయినచోట నేల కర్బనం సగటున 42 శాతం తగ్గింది. సహజ అడవి పోయి నాటిన తోట వచ్చినచోట 13 శాతం తగ్గింది. పంటభూమిలో తోట నాటితే 18 శాతం పెరిగింది, పంటభూమిని వదిలేసి అడవి దానంతటది మొలిస్తే 53 శాతం. ఇవి సగటులు. మన కొండకి ఇవే వర్తిస్తాయని కాదు, ఎటువైపు మొగ్గుతుందో తెలియడానికి.

ఈ నాలుగు అంకెల్లో కాఫీ తగాదా మొత్తం ఉంది. పాడేరు, అరకు ప్రాంతాల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్, ఇంకా అడవి చెట్ల నీడన కాఫీ పెంచుతారు, ఆ చెట్లకి మిరియం పాదు పాకిస్తారు. పోడు భూమితో పోలిస్తే ఇది నేలకి మేలు: ఏటా దున్నే పని లేదు, ఆకు కిందే పడుతుంది, వాలు మీద వాన దెబ్బ తగ్గుతుంది. మూల అడవితో పోలిస్తే మాత్రం నష్టం ఉండవచ్చు. కాఫీని మెచ్చేవాళ్లూ తప్పుపట్టేవాళ్లూ ఇద్దరూ నిజమే చెబుతూ పోట్లాడుకోవచ్చు, ఎందుకంటే ఒకరు దేనితో పోలుస్తున్నారో ఇంకొకరు అడగరు. పత్రికల్లో 'కాఫీతో ఇంత కర్బనం' అన్న వార్త చూసినప్పుడు నేను మొదట వెతికేది ఆ రెండో అంకె: అంతకుముందు అక్కడ ఏముంది?

పోడు గురించి మాట్లాడేటప్పుడు తీర్పులు తొందరగా పడిపోతాయి. పోడు అంటే చెట్లు కొట్టి, కాల్చి, కొన్నేళ్లు చోళ్లు, సామలు, కందులు పండించి, నేల అలిసిపోయాక వదిలి పక్క చెలక్కి వెళ్లడం. వదిలిన నేలకి పదీ పదిహేనేళ్లు విశ్రాంతి దొరికితే అడవి తిరిగి మొలిచి పోగొట్టుకున్నది చాలావరకు పూడ్చుకుంటుంది. విశ్రాంతి మూడు నాలుగేళ్లకి కుదించుకుపోతే మట్టం ఏ దఫాకి ఆ దఫా దిగుతూ వస్తుంది. జనం పెరగడం, అడవి హద్దులు గట్టిపడటం, 2006 అటవీ హక్కుల చట్టం కింద ఒకే చెలక్కి పట్టా రావడం, ఇవన్నీ కలిసి తిరిగే సేద్యాన్ని ఒకచోట నిలబెట్టాయి. పట్టా హక్కు, కర్బనం లెక్క, రెండూ వేర్వేరు ప్రశ్నలు. ఒకదానితో రెండోదాన్ని కొట్టిపారేయకూడదు.

పోడులో నిప్పు కన్నా వాన పెద్ద దొంగ. కాల్చినప్పుడు పోయేది ఎక్కువగా పైనున్న కొమ్మా రెమ్మా. కొంత బొగ్గుగా మారి మట్టిలో చాలా ఏళ్లు నిలుస్తుంది కూడా. కానీ నగ్నంగా ఉన్న వాలు మీద జూలై వాన పడితే కర్బనం ఎక్కువగా ఉన్న పైపొరే ముందు కొట్టుకుపోతుంది. పోయి ఎక్కడికి చేరుతుంది? అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనిలో పడితే తాటిపూడి జలాశయం అడుగున మేటవుతుంది, విశాఖ తాగే నీళ్లు వచ్చే చోటు అది. జలాశయం దాటిన మట్టి పద్మనాభం పక్క పల్లాల మీదుగా భీమిలి సముద్రానికి. ఇలా కొట్టుకుపోయిన కర్బనం దారిలో గాలికి పోతుందా, మేట కింద సమాధై నిలుస్తుందా అన్నది శాస్త్రవేత్తల్లో ఇంకా నడుస్తున్న వాదం. రెండూ జరుగుతాయి. కొండ మీది రైతుకి మాత్రం ఎటైనా నష్టమే.

శాతం చెప్పి బరువు దాచే చిక్కు

అడవి నేల గుల్లగా ఉంటుంది, దున్నిన నేల కొన్నాళ్లకి గట్టిపడుతుంది. దీనివల్ల లెక్క ఎలా తప్పుతుందో ఒక ఊహా ఉదాహరణ. అడవి మట్టి ఘనపు మీటరు 1.1 టన్నులు, కర్బనం 1.8 శాతం అనుకుందాం. 30 సెంటీమీటర్ల లోతుకి హెక్టారుకి 3,300 టన్నుల మట్టి, 59.4 టన్నుల కర్బనం. సాగులోకి వచ్చాక బరువు 1.4, కర్బనం 1.3 శాతం. అదే లోతుకి 4,200 టన్నుల మట్టి, 54.6 టన్నుల కర్బనం. పోయింది ఎనిమిది శాతమే అనిపిస్తుంది.

కానీ గట్టిపడిన నేలలో 30 సెంటీమీటర్లు తవ్వితే, అంతకుముందు ఇంకా కిందున్న మట్టి కూడా మన గంపలోకి వచ్చేసింది. సరిసమానంగా 3,300 టన్నుల మట్టినే తూస్తే అందులో ఉన్నది సుమారు 42.9 టన్నులు. నష్టం 28 శాతం. ఒకే పొలం, ఒకే మట్టి, రెండు జవాబులు. లోతుతో కాక మట్టి బరువుతో పోల్చాలని నిపుణులు పట్టుబట్టేది ఇందుకే.

ల్యాబు పద్ధతితోనూ తేడా వస్తుంది. మన దగ్గర ఎక్కువగా వాడేది 1934 నాటి వాక్లీ–బ్లాక్ పద్ధతి. ఆ రసాయనం మట్టిలోని కర్బనంలో దాదాపు మూడొంతులనే పట్టుకుంటుంది, మిగతాదాన్ని గుణకంతో కలుపుతారు. మంటలో కాల్చి కొలిచే యంత్రం ఇంకో అంకె ఇవ్వవచ్చు. ఒక ఏడాది ఒక పద్ధతి, మరో ఏడాది ఇంకో పద్ధతి వాడితే పెరిగిందో తగ్గిందో చెప్పడం కష్టం.

పల్లం, మడ, లేఅవుటు

పల్లపు వరిమడిలో నీళ్లు నిలవడం వల్ల గాలి ఆడక కుళ్లడం నెమ్మదిస్తుంది, మెట్ట కన్నా కర్బనం నిలుస్తుంది. ఆ గాలి ఆడకపోవడం వల్లే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది. ఒకటి లాభం, ఒకటి నష్టం. నేల కర్బనం ఒక్కటే చూసి వరిని మెచ్చుకోకూడదు, మీథేన్ ఒక్కటే చూసి తిట్టకూడదు. మడ అడవులు ఈ విషయంలో ఇంకా ముందుంటాయి. ఉప్పునీటి బురదలో కర్బనం శతాబ్దాలపాటు పేరుకుంటుంది. కాకినాడ దగ్గరి కోరింగ అలాంటి మడ అడవే. 1933లో తెరిచిన మన విశాఖ లోపలి రేవు కూడా ఒకప్పటి చిత్తడి నేలలో తవ్వినదే, అప్పట్లో దాన్ని కర్బనం లెక్కలో చూసే ఆలోచన ఎవరికీ లేదు.

ఇక నగరం. మధురవాడ, ఆనందపురం వైపు లేఅవుటు వేసేటప్పుడు మొదట జరిగేది పైమట్టి గీకి పక్కన పోయడం. తర్వాత ఎక్కడో కొండ తవ్విన గ్రావెల్ టిప్పర్లలో వచ్చి పడుతుంది. గీకిన మట్టి గడ్డలు చిట్లి, ఎండకీ గాలికీ తగిలి కర్బనం వేగంగా పోతుంది. కాంక్రీటు కింద మిగిలినదానికి తూము కొంత మూసుకుంటుంది గానీ వాగు పూర్తిగా ఆగిపోతుంది. గ్రావెల్ తెచ్చిన చోట కొండకి నష్టం వేరే. దాన్ని లేఅవుటు ఖాతాలో ఎవరూ రాయరు.

నగరం అంటే నష్టమే అనుకోనక్కర్లేదు. నీళ్లు పెట్టి, ఆకు ఊడ్చి అక్కడే కుళ్లబెట్టే పార్కుల నేలలో పొలాల కన్నా ఎక్కువ కర్బనం ఉన్న ఉదాహరణలు వివిధ దేశాల నగరాల్లో ఉన్నాయి. మనకి కంబాలకొండ ఉంది. నగరాన్ని ఆనుకుని దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, ఎవరూ ఊడవని నేల. కొత్తగా నాటే మొక్కల లెక్క ప్రతి వర్షాకాలం పేపర్లో వస్తుంది. ఉన్న అడవి కింద ఇప్పటికే నిలిచి ఉన్నదాని లెక్క ఎప్పుడో గానీ రాదు.

పెంచగలమా? ఇక్కడే అసలు గొడవ

2015 పారిస్ వాతావరణ సదస్సులో ఫ్రాన్స్ 'వెయ్యికి నాలుగు' అనే పిలుపు ఇచ్చింది. నేలల్లో కర్బనం ఏటా వెయ్యికి నాలుగు వంతులు పెరిగితే గాలిలో పెరిగేదాన్ని చాలావరకు సరిపెట్టవచ్చన్నది ఆలోచన. మావయ్య ఎకరానికి దీన్ని పెడితే ఏడాదికి 14 కిలోల కర్బనం. వినడానికి ఎంతో తేలిక. శాతంలో చూస్తే 0.38 కాస్తా 0.3815. కార్డు మీద రెండు దశాంశాలే ఉంటాయి, మార్పే కనబడదు. పదేళ్లు గడిచినా 0.395. ఒకే పొలంలో ఈ మూలకీ ఆ మూలకీ అంతకన్నా ఎక్కువ తేడా ఉంటుంది.

పోనీ 0.5కి తీసుకెళ్దామనుకుందాం. కావలసింది అదనంగా సుమారు 1.1 టన్నుల కర్బనం. ఒక ట్రాక్టరు గత్తం రెండు టన్నులనుకుందాం. సగం నీరు, మిగిలిన టన్నులో మూడోవంతు కర్బనం, అందులో కొన్నేళ్ల తర్వాత అయిదో వంతు నిలుస్తుందనుకుంటే ట్రాక్టరుకి దక్కేది 66 కిలోలు. అంటే ఎకరాకి పదహారు పదిహేడు ట్రాక్టర్లు. పశువులు తగ్గిపోయిన ఊళ్లో అంత గత్తం ఎక్కడిది? పక్క ఊరి నుంచి తెస్తే ఆ ఊరి నేలకి దక్కాల్సిందే ఇటు వచ్చినట్టు. ఊళ్లు మారాయి గానీ గాలిలోంచి దిగిందేమీ లేదు.

ఎక్కువమంది పట్టించుకోని ఇంకో ఖర్చు నత్రజని. స్థిరపడిన సేంద్రియ పదార్థంలో ప్రతి పన్నెండు కిలోల కర్బనానికి సుమారు కిలో నత్రజని ఉంటుంది. 1.1 టన్నుల కర్బనం నిలవాలంటే 90 కిలోలకి పైగా నత్రజని దానితోపాటు నేలలో బందీ కావాలి. 45 కిలోల యూరియా బస్తాలు నాలుగింటికి పైగా ఉండే నత్రజని అది. వరిగడ్డి లాంటివి మాత్రమే వేస్తే సూక్ష్మజీవులు ఆ నత్రజనిని పైరు నోటి దగ్గర నుంచి లాక్కుంటాయి. జనుము, జీలుగ, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పైర్లకి ఉన్న విలువ ఇక్కడే, అవి తమ నత్రజనిని తామే తెచ్చుకుంటాయి.

మన రాష్ట్రంలో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయం మీద వాదనలు కూడా ఈ వెలుగులో చూస్తే కొంత తేటపడతాయి. సమర్థించేవారు నేల మెత్తబడింది, వానపాములు తిరిగొచ్చాయి, కర్బనం పెరిగింది అంటారు. విమర్శకులు పేడ, గోమూత్రం, బెల్లం వంటివి కలిపి పులియబెట్టిన ఇంత కొద్దిపాటి జీవామృతంతో టన్నుల కర్బనం ఎలా పెరుగుతుందని అడుగుతారు. ఎకరాకి వేసే 200 లీటర్ల జీవామృతంలో పేడ పది కిలోలు. నీరు పోను రెండు కిలోల పొడి పదార్థం, అందులో కర్బనం కిలో కూడా ఉండదు. లెక్క విమర్శకులదే కరెక్టు. కానీ ఆ పద్ధతిలో జీవామృతం ఒక్కటే లేదు. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లడం, ఏడాది పొడవునా నేల మీద ఏదో ఒక పైరు ఉంచడం, ఆకూ గడ్డితో నేలని కప్పే ఆచ్ఛాదన కూడా ఉన్నాయి. కర్బనం పెరిగితే ఆ పైర్ల వేళ్ల వల్ల పెరగాలి. అందుకని రెండు పక్షాలూ జీవామృతం డ్రమ్ము చుట్టూ తిరగడం మానేసి వేసవిలో నేల పచ్చగా ఉందా లేదా చూడాలని నాకనిపిస్తుంది.

దున్నకుండా సాగు చేస్తే కర్బనం పెరుగుతుందన్న మాట మీదా ఇలాంటి సందేహమే ఉంది. పైన పది సెంటీమీటర్లలో పెరిగిన మాట నిజం. లోతుగా తవ్వి చూసిన చాలాచోట్ల కింద ఆ మేరకు తగ్గి ఉంది. దున్నినప్పుడు కిందికి కలిసేది ఇప్పుడు పైనే ఉండిపోయింది, అంతే. వాన మట్టిని కొట్టుకుపోకుండా ఆపడంలో దాని మేలు వేరే, అది ఎవరూ కాదనరు.

డబ్బు ఇచ్చేవాడు ఏం కొంటున్నాడు

కార్బన్ క్రెడిట్ కొనేవాడు నేలలో ఉన్న మూడున్నర టన్నులకి డబ్బు ఇవ్వడు. ఈ పథకం లేకపోతే చేరని అదనపు కర్బనానికి ఇస్తాడు. ఇరవై ఏళ్ల కిందటే నాటిన తోట కాబట్టి మావయ్యకి మొదటి మెలిక ఇక్కడే. రెండో మెలిక, పెరుగుదల ఎల్లకాలం సాగదు. చెరువు కొత్త మట్టానికి చేరాక ఆగుతుంది. అంతర్జాతీయ లెక్కల్లో దీనికి మామూలుగా ఇరవై ఏళ్లు వేసుకుంటారు. ఆ తర్వాత కూడా వాగు ఆగకూడదు, ఆగితే మట్టం దిగిపోతుంది.

మూడోది నిలకడ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు విశాఖలో చెట్లు విపరీతంగా పడిపోవడం చూసినవాళ్లం. ఏజెన్సీలో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్‌లు కూలాయి. పైనున్న కర్బనం ఒక్క పూటలో నేలకొరిగింది. మట్టిలోనిది అలా ఒక్క పూటలో పోలేదు. నేల కర్బనానికి పెద్దపీట వేయాలనేవాళ్ల బలమైన వాదన ఇది. అవతలివాళ్ల వాదనా బలమైనదే: చెట్టు లెక్కపెట్టడానికి కళ్లు, టేపు చాలు, మట్టిలో మార్పు తెలియాలంటే ఏళ్ల తరబడి వందల నమూనాలు కావాలి, ఒక్కో రైతుకి వచ్చే డబ్బు కన్నా కొలిచే ఖర్చే ఎక్కువ కావచ్చు.

ఇదంతా మావయ్యకి చెబితే ఓపికగా విని, "అయితే డబ్బు మాట అటుంచు, ఈ 0.38 పెరుగుతోందో తగ్గుతోందో ఎలా తెలుస్తాది?" అన్నాడు. మూడేళ్ల తర్వాత అదే వేసవిలో, అదే చోట్ల, అదే లోతుకి తీసి, అదే పద్ధతిలో పరీక్ష చేయిస్తే కొంత తెలుస్తుందన్నాను. ఈలోగా నాలుగు చెట్ల కింద ఆకు ఊడవకుండా వదిలి చూస్తానన్నాడు. అత్త ఒప్పుకోలేదట. ఆకులో పిక్కలు కనబడవు, పైగా పాములు. చివరికి రెండు చెట్లకి బేరం కుదిరింది.